మహారాజశ్రీ స్ఫటికం గారికి

మహారాజశ్రీ స్ఫటికం గారి దివ్య సముఖమునకు, కోనసీమ నుంచి ఒక కెమిస్ట్రీ లెక్చరరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఆచారం గనక ఆ మాట రాశాను. ఇక్కడ నేను కుశలంగా లేను, అక్కడ మీరు అసలు లేరు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో, ఏసీ గదిలో, మైక్రోస్కోపు కింద తమరు చేసిన ఘనకార్యం గురించే ఈ ఉత్తరం. ఖర్చుల చిట్టా నా దగ్గర భద్రంగా ఉంది. గౌతమీ ఎక్స్‌ప్రెస్ స్లీపరు రానూపోనూ, ఆటోలు, రెండు క్యాజువల్ లీవులు, స్ఫటికాల లోపలి నిర్మాణం చూసే ఎక్స్-రే మిషను ఫీజు, గోదావరిలో ఒక రూపాయి. ఆ ఆఖరిది మర్చిపోకండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

41 రోజులు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకైనా 41 రోజులకి దీక్ష పూర్తవుతుంది. తమరిని క్లోరోఫాంలో కరిగించి, ఆ పైన హెక్సేన్‌ని సీసా గోడ వెంట చుక్క చుక్కగా జారవిడిచి, రెండు పొరలూ ఒక్కసారే కలిసిపోకుండా ఊపిరి బిగబట్టి, మూత పెట్టి, రోడ్డుకి దూరంగా ఉన్న బీరువాలో దాచాను. రోడ్డు వైపు బల్ల మీద పెడితే కొబ్బరికాయల లారీ వెళ్ళినప్పుడల్లా తమకి కుదుపు తగులుతుందని. రెండు రోజులకోసారి తలుపు తీయడం, సీసా ముట్టుకోకుండా సెల్‌ఫోన్ లైటు వేసి చూడటం, మళ్ళీ మూసేయడం. మా అటెండరు బాబాయి గుమ్మంలో నిలబడి, "ఏవండీ మేడం గారూ, ఇంకా తోడుకోలేదాండీ?" అనేవాడు. వెటకారమే అయినా మాట తప్పు కాదు. పాలల్లో తోడు వేసినట్టు తమకీ ఒక చిన్న పలుకు వేస్తే దాని మీదే పేరుకుంటారు. కానీ ఆ తోడు ఎవరింటికి వెళ్ళి అడగను? నాకు తెలిసి ఈ భూమ్మీద తమరిని తయారుచేసింది నేనొక్కదాన్నే.

అక్కర్లేని చోటికి మాత్రం మీ జాతి పిలవకుండా వస్తుంది. పండక్కి మా అమ్మ కాజాలకి పాకం పెట్టి ఒక్క ఫోను మాట్లాడిందంటే గిన్నె అంచున పలుకులు కట్టి, చూస్తుండగానే పాకమంతా పంచదార పట్టేస్తుంది. అందుకే ఆవిడ నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతుంది. ఆ పులుపుకి పంచదార కొంత గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. రకరకాల అణువులు కలిసేసరికి ఇక వరస కుదరదు. తాపేశ్వరం దాకా మిఠాయి పొయ్యిల దగ్గర స్ఫటికం రాకూడదని అంత జాగ్రత్త పడుతుంటే, ఇక్కడ నేను రండి బాబూ రండి అని బతిమాలుకున్నాను. కాకినాడ వైపు ఉప్పుమడుల్లో ఉప్పుకి బీరువా లేదు, మూత లేదు. ఎండలో ఆరుతుంది, పారతో లాగినా పట్టించుకోదు. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్-రే పెట్టి మొదట విప్పిన నిర్మాణాల్లో ఆ ఉప్పుదీ ఒకటి. 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు, అప్పటికి కొడుక్కి 25 ఏళ్ళు. నాకు 38. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు చెప్పాల్సిన ప్రీ-టాక్ కూడా ఇంకా కాలేదు.

ఉప్పులో అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, మావి సేంద్రియ అణువులు, బలహీనమైన హైడ్రోజన్ బంధాలతో ఏదోలా ఆనుకుని ఉంటాం అంటారా? అన్నీ తెలిసే ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను కదండీ. రైల్లో పక్క బెర్తు ఆవిడ "మందా అమ్మా?" అని అడిగితే అవునన్నాను.

ఇక మీరు అనడం నా వల్ల కాదు. నువ్వు ఒక చాల్కోన్‌వి, రెండు రింగుల మధ్య మూడు కార్బన్ల గొలుసున్న అణువువి. చాల్కోన్లంటే బీఎస్సీ పిల్లలు కూడా చేస్తారు. ఇథనాల్‌లో వేసి వదిలేస్తే తెల్లారేసరికి బుద్ధిగా పలుకులు కట్టే వంశం మీది. ఒక చివర క్వినోలిన్ అనే జంట రింగు తగిలించానని అంత అలకా? ఏ పరమాణువు పక్కన ఏది ఉందో చెప్పే ఎన్ఎంఆర్ చూపించాను, అణువు బరువు చెప్పే మాస్ చూపించాను. మా గైడు గారు అన్నీ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బాగానే ఉందమ్మా, ఇంతకీ ఆ రెండు రింగులూ ఒకే తలంలో ఉన్నాయా, మెలి తిరిగాయా?" అన్నారు. ద్రావణంలో నువ్వు క్షణం కుదురుగా ఉండవు, ఒంటి బంధాల చుట్టూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటావు. ఎన్ఎంఆర్‌కి కనిపించేది ఆ తిరుగుళ్ళన్నిటి సగటు. నిలబడి ఫోటో దిగేది స్ఫటికంలోనే.

ఆ ఫోటోనైనా పూర్తిగా నమ్మడానికి లేదనుకో. బైఫినైల్ అనే అణువుంది. గాలిలో ఒంటరిగా ఉన్నప్పుడు దాని రెండు రింగుల మధ్య దాదాపు 45 డిగ్రీల మెలిక. గది వేడి దగ్గర స్ఫటికంలో చూస్తే సగటున చదునుగా కనిపిస్తుంది. అమలాపురం బస్సులో ముగ్గురి సీటులో నాలుగోవాడు కూర్చుంటే మోకాళ్ళు ఎలా ముడుచుకుంటామో అలా. ఇంటి దగ్గర కాళ్ళు ఎలా చాపుకుంటామో ఆ ఫోటోలో తెలియదు. రాయ్ అని ఇంకో అణువుంది. మెలిక తేడాతో పేర్పు మారి అదే పదార్థం ఎర్రగా, నారింజ రంగులో, పసుప్పచ్చగా వస్తుంది. ఇవన్నీ నాకు ఇష్టమైన సంగతులే. పిల్లలకి చెప్పేటప్పుడు బెల్లు కొట్టినా ఆపను. అందుకేగా ఇంత ఒళ్ళు మండటం.

వాతావరణం అంటావా? అది ఒప్పుకుంటాను. 1848లో పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలని పట్టకారుతో ఏరి, కుడి వాటాన్ని ఒక పక్కకి, దాని అద్దపు బింబాన్ని ఇంకో పక్కకి పెట్టాడు. ఆ లవణం సుమారు 28 డిగ్రీల లోపు చల్లదనంలోనే అలా వేరువేరుగా కడుతుంది. అంతకంటే వేడెక్కితే రెండూ కలగలిసిన స్ఫటికం వస్తుంది. ఆయన పారిస్‌లో ఉన్నాడు గనక సరిపోయింది. మే నెలలో రావులపాలెంలో కూర్చుని ఏరి ఉంటే చరిత్ర ఇంకోలా ఉండేది. మాకున్న ఒక్క ఫ్రిజ్‌లోనూ సగం అర స్టాఫ్ రూమ్ మజ్జిగది. కరెంటు పోతే రెండూ పులుస్తాయి.

సరే, మంగళవారం.

స్లాటు మధ్యాహ్నం 2 గంటలకి. ఆపరేటరు సీసా మూత తీసి నిన్ను పలక మీద పెట్టాడు. అర మిల్లీమీటరు కూడా లేవు. కింద నుంచి ధ్రువిత కాంతి, అంటే ఒకే దిశలో కంపించేలా వడకట్టిన వెలుగు. స్టేజి తిప్పాడు. నువ్వు మొత్తంగా చీకటైపోయావు. ఇంకాస్త తిప్పాడు. మొత్తంగా వెలిగావు. ప్రతి 90 డిగ్రీలకీ అలాగే, ఒక్క మూల కూడా వెనకబడకుండా. అతుకుల్లేని ఏకస్ఫటికానివని అర్థం. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. కొత్త కుంచెతో పసుపు పూసిన గడపలా ఉన్నావు. "చాలా బాగుంది మేడమ్" అన్నాడాయన. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో నాకు! నూనె చుక్క తేవడానికి పక్క గదిలోకి వెళ్ళాడు. అక్కడ ఫోను మోగింది.

నేను కంటి గొట్టం దగ్గరే ఉన్నాను. ముందు ఒక మూల మంచు పట్టినట్టు తెల్లబడింది. లైటు తేడా అనుకున్నాను. ఆ తెలుపు అడ్డంగా పాకింది. తర్వాత కాలువలు కట్టేసిన వేసవిలో చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టు, గీత మీద గీత, గీత మీద గీత. నేను చెయ్యి కూడా పెట్టలేను. పెడితే నలిగిపోతావు, పెట్టకపోతే ఇలా పోతున్నావు. ఐదు నిమిషాలు పట్టలేదు. ఆయన వచ్చి చూసి, "సాల్వెంట్ పోయింది మేడమ్, క్లోరోఫాం లోపల పట్టుంటుంది" అన్నాడు. సీసాలో మిగిలినవి తీశాడు. అన్నీ గుత్తులు, ఒకదాంట్లోంచి ఒకటి మొలిచినవి. రెండు విరగ్గొట్టి చూశాడు. స్లాటు అయిపోయింది. మళ్ళీ వచ్చే నెల.

అంటే 41 రోజులూ అణువుకీ అణువుకీ మధ్య క్లోరోఫాంని దాచుకుని కూర్చున్నావన్నమాట. అది ఉంటేనే నీకు వరస, అది పోతే గోడలో ఇటుక లాగేసినట్టే. చెప్పొద్దూ? ద్రావణంలోంచి నేరుగా నూనెలోకి లాగి, 100 కెల్విన్, అంటే సున్నాకి 173 డిగ్రీల కిందున్న నైట్రోజన్ గాలిలో బిగిస్తే బతికేదానివి. ఇది నాకు ముందే తట్టాలి, తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. ఆయన నూనె ముందే పెట్టుకోవాలి, పెట్టుకోలేదు. కానీ మా ఇద్దరి బుద్ధితక్కువతనం మీద నీకంత నమ్మకమేమిటి? కేంబ్రిడ్జ్‌లో 1965లో మొదలైన మీ జాతకాల భాండాగారంలో, అదే స్ఫటిక నిర్మాణాల డేటాబేస్‌లో, 2019 నాటికే పది లక్షల నిర్మాణాలు చేరాయి. పది లక్షలు! అన్ని లక్షలమంది తలొంచి కూర్చుంటే నీకొక్కదానికేనా పౌరుషం?

అయినా మీ వాళ్ళని నమ్మినవాళ్ళు పెద్ద పెద్దవాళ్ళే మునిగారు. రిటోనవిర్ అనే హెచ్ఐవీ మందు 1996లో వచ్చింది. రెండేళ్ళకి అదే అణువు వేరే మెలికతో, వేరే పేర్పుతో, సరిగా కరగని స్ఫటికంగా క్యాప్సూల్లో ప్రత్యక్షమైంది. 1998లో ఆ క్యాప్సూళ్ళనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. దాని ముందు నా రెండు క్యాజువల్ లీవులెంతలే. ఇదంతా దాటి నిర్మాణం దొరికినా, అందులో తప్పులు వెతికే చెక్‌సిఫ్ అనే కంప్యూటరు అత్తగారు ఏ-అలర్టు, అంటే అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక, పట్టుకుని గుమ్మంలో ఉంటుంది. ఆవిడకి వేరే ఉత్తరం రాస్తాను.

ఇప్పుడు రూపాయి. రాజమండ్రిలో రైలెక్కి వంతెన మీదకి రాగానే అమ్మ మాట గుర్తొచ్చి గోదారమ్మకి ఒక రూపాయి బిళ్ళ వేశాను. కెమిస్ట్రీ చెప్పేదాన్ని, నీకోసం వేశాను. అది నాకు తిరిగి రావాలి.

తిట్టడానికి ఇంకా చాలా ఉంది గానీ, నిన్న ల్యాబులో ర్యాకు సర్దుతుంటే వెనకాల ఒక ఎన్ఎంఆర్ ట్యూబు దొరికింది. ఏడు నెలల కింద పరీక్షకి పంపి, తిరిగొచ్చాక కడగడం మర్చిపోయిన ట్యూబు. మూత పసుపు రంగు, లేబుల్ నా రాతే. ఎన్ఎంఆర్ కోసం పోసిన డ్యూటీరియం క్లోరోఫాం సగానికి ఇంకిపోయింది. అడుగున నువ్వు. మూడు పలుకులు, ఒకటి కాస్త పెద్దది. పూజ లేదు, బీరువా లేదు, పక్కనే సెంట్రిఫ్యూజ్ రోజూ గిర్రుమంటూనే ఉంది. నన్ను చూసి నవ్వుతున్నట్టు కూర్చున్నావు. బాబాయిని పిలిచి చూపిస్తే, "తోడుకుందండోయ్" అని తనే ముందు చప్పట్లు కొట్టాడు.

మూత తీయను. అలాగే నిలువుగా, ఫ్లాస్కులో దూది చుట్టి తెస్తాను. ఆ సన్నపు ట్యూబులోంచి నిన్ను తీయాలంటే అక్కడే గాజు కోయాలి, ముందు నూనె చుక్క పలక మీద ఉంటేనే కోయనిస్తాను. ఫోన్లు సైలెంట్‌లో పెట్టమని చెబుతాను. వచ్చే నెల 9న టికెట్టు తీశాను, సైడ్ లోయరు. వెళ్ళేటప్పుడు వంతెన మీద ఏమీ వేయను. తిరిగొచ్చేటప్పుడు నీ మెలిక ఎన్ని డిగ్రీలో తెలిస్తే అప్పుడు చూద్దాం, పాత రూపాయి కూడా ఖాతాలో ఉంది.

ఇట్లు,
నీ కోసం లీవులన్నీ అయిపోయిన
కోనసీమ లెక్చరరు