తేదీకి ముందు రెండు స్పేస్‌లు

నార్మల్ అన్న మాట మీద మనకున్న మమకారం అంతా ఇంతా కాదు. షుగర్ నార్మల్, బీపీ నార్మల్, డెలివరీ నార్మల్ అని చెవిన పడితే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్ తీరిపోతుంది. కనుక డేటా నార్మలా కాదా, అంటే దాని డిస్ట్రిబ్యూషన్ (పంపిణీ) గంట ఆకారపు వంపులో ఉందా లేదా అని తేల్చే పరీక్షలను పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక మాడ్యూల్‌గా సర్ది, దాన్ని డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లోకి ప్యాకేజీగా ఎక్కించడాన్ని లోకకల్యాణార్థం చేసే పనిగా గుర్తించాలని నా మనవి. పరీక్షించేదీ డిస్ట్రిబ్యూషనే, చేరేదీ డిస్ట్రిబ్యూషన్‌లోకే.

ముందు పేరు. మాడ్యూల్‌ను దాని సొంత పేరుతో స్టాటిస్టిక్స్ నార్మాలిటీ అని ఊరికే పిలిస్తే కుదరదు. ముందు లిబ్, వెనక పెర్ల్ తగిలించి లిబ్‌స్టాటిస్టిక్స్-నార్మాలిటీ-పెర్ల్ అనాలి. ముందు ఇంటిపేరు, వెనక గారు లేకపోతే మనం మాత్రం మనిషిని లెక్కచేస్తామా? తర్వాత, ఫలానా ప్యాకేజీ కట్టబోతున్నానని బగ్ రిపోర్టు పెట్టాలి. పని మొదలుకాకముందే అది బగ్గుగా నమోదవుతుంది! ఇంత ముందుచూపు నేనెక్కడా చూడలేదు. ఇక కాపీరైట్ ఫైలు. ఏ ఫైలు ఎవరిది, ఏ ఏడాదిది, లైసెన్సు ఏమిటి అని, సంబంధం చూడటానికొచ్చి మేనమామల ఊరు దాకా ఆరా తీసినట్టు అడుగుతారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది చేంజ్‌లాగ్, అంటే మార్పుల చిట్టా, చివరి లైను. ఒక స్పేస్, రెండు హైఫన్లు, పేరు, ఈమెయిల్, ఆ తర్వాత సరిగ్గా రెండు స్పేస్‌లు, అప్పుడు తేదీ. పక్కనే ఉన్న రూల్స్ ఫైల్లో (ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పేది) ఆదేశాల లైన్ల ముందు మాత్రం స్పేస్ మైల పడుతుంది, అక్కడ ట్యాబే కొట్టాలి. ఇవన్నీ అయ్యాక లింటియన్ అనే తనిఖీ అధికారి వచ్చి వివరణలో అక్షరదోషాలు కూడా పట్టుకుంటాడు.

పెట్టె ఇంత పకడ్బందీగా ఉంటే లోపలి సరుకు?

1965లో షపిరో, విల్క్ ఇచ్చిన పరీక్ష 50 సంఖ్యల దాకానే. తర్వాత రాయిస్టన్ అనే ఆయన దాన్ని పెంచాడు. గణాంకాలకు వాడే ఆర్ భాషలో ఇప్పుడది 3 నుంచి 5000 దాకా పుచ్చుకుంటుంది. మూడు! కొబ్బరికాయలు మూడు కొని తోటంతటి జాతకం చెప్పమన్నా కాదనదు. డేటా కొంచెమైతే దేనిలోనూ తప్పు దొరకదు, వేలల్లో ఉంటే దేన్నీ వదలదు. ఎప్పుడూ నార్మల్ అని నోరు తెరిచి చెప్పదు. "కాదనడానికి ఆధారం దొరకలేదు" అంటుంది, అంతే. కుర్రాడి మీద కేసులేవీ లేవంటే బుద్ధిమంతుడని మనమే అనేసుకుంటాం.

నార్మలా కాదా తేల్చడానికి ఒకటికి నాలుగు పరీక్షలు ఉండటంలోనే అసలు దూరదృష్టి ఉంది. ఒక రీసెర్చ్ కుర్రాడిని తీసుకోండి. చేతిలో 22 రీడింగులు. షపిరో-విల్క్‌ను అడిగితే పీ విలువ 0.03 వచ్చింది, మామూలుగా అది 0.05 కన్నా తగ్గితే నార్మల్ కాదని లెక్క. గండం. జార్క్-బెరా అనే ఇంకో పరీక్ష దగ్గరికి వెళ్లాడు. దానికి మూలం 1948 నాటి గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి స్కోర్ పరీక్ష, ఆయన వాల్తేరులో చదువుకున్నారు, మనవాడని కనికరిస్తుందేమోనని ఆశ. 0.048. కనికరించలేదు. చివరికి కోల్మొగొరొవ్-స్మిర్నోవ్ పరీక్ష గుమ్మం తొక్కాడు. పోల్చడానికి కావలసిన సగటు, విచలనం అదే 22 రీడింగుల్లోంచి తీసి ఇచ్చాడు. పేపర్ సెట్ చేసినవాడే పరీక్ష రాస్తే మార్కులకు కొదవా? ఇలా చేస్తే మామూలు పట్టిక పనికిరాదని 1967లోనే లిల్లీఫోర్స్ వేరే పట్టిక ఇచ్చాడు గానీ, కుర్రాడికి అంత తీరిక లేదు. 0.61! థీసిస్‌లో "డేటా నార్మల్" అని రాసుకుని టీకి వెళ్లాడు. ఎక్కడా ఒక్క హెచ్చరిక రాలేదు.

హెచ్చరిక వచ్చింది ప్యాకేజీ కట్టినాయనకు. చేంజ్‌లాగ్‌లో తేదీకి ముందు ఒకటే స్పేస్ ఉందట.