మహారాజశ్రీ డైరెక్టరీల వారి సన్నిధికి

"మీ సైటును 500 డైరెక్టరీల్లో సబ్మిట్ చేస్తాం, గూగుల్ మొదటి పేజీ గ్యారంటీ" అంటూ మళ్లీ ఒక మెయిల్ వచ్చింది. ఇంతటి సదవకాశాన్ని స్పామ్‌లో పడేసిన యంత్రానికి వ్యాపార దృష్టి బొత్తిగా లేదు.

డైరెక్టరీలంటే సైట్ల పేర్లను, లింకులను వర్గాలవారీగా పేర్చే జాబితాలు. వాటిని చులకన చేయకూడదు. వాటిది పెద్ద వంశం. 1994లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో రాసుకున్న సైట్ల జాబితాయే యాహూ అయింది. ఒక దశలో అందులో వ్యాపార సైటు చేర్చమని అడగడానికే ఏడాదికి 299 డాలర్లు. అది పరిశీలనకు మాత్రమే, చేర్చుకుంటారన్న హామీ లేదు. 1998లో పుట్టిన డీమాజ్ అనే మరో డైరెక్టరీలో ఫీజు లేదు. స్వచ్ఛంద ఎడిటర్లు ఎప్పుడు కరుణిస్తే అప్పుడే. యాహూ డైరెక్టరీ 2014లో, డీమాజ్ 2017లో కన్నుమూశాయి. వారసులమంటూ మిగిలినవాళ్లే ఇప్పుడు మన వెంటపడుతున్నారు.

వీరి దర్శనం అంత తేలిక కాదు. ముందు కేటగిరీ ఎంచుకోవాలి. మీ పని తప్ప లోకంలోని పనులన్నీ అందులో ఉంటాయి కాబట్టి వినయంగా "ఇతరములు"లో కూర్చోవాలి. తర్వాత 250 అక్షరాల్లో మీ జీవితాశయం రాయాలి. 251వది పడిందా, ఫారం మొత్తం ఖాళీ. ఆపైన మీరు మనిషేనని నిరూపించుకోవాలి. మనిషన్నవాడు తొంగి చూడని ఆ చోట ఇది న్యాయమైన అనుమానమే. చివరికి "మా సంపాదకవర్గం పరిశీలిస్తోంది" అని మెయిల్ వస్తుంది. ఆ సంపాదకవర్గం పేరు పీహెచ్‌పీ స్క్రిప్టు, అంటే దానంతటదే నడిచే ప్రోగ్రాము. త్వరగా కరుణించాలంటే వాళ్ల లింకు మన సైట్లో పెట్టాలట!

ఇంతా చేసి అక్కడికి వచ్చేదెవరు? పేరు ఎక్కించుకోవడానికి వచ్చిన మనలాంటి వాళ్లే. అందరూ పెళ్లికొడుకులే, అక్షింతలు వేసే దిక్కు లేదు.

వేరే సైట్ల నుంచి లింకులు ఎన్ని ఉంటే గూగుల్‌లో అంత పైకి వస్తామన్నదే ఈ బేరానికి మూలం. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పును తన వెతుకులాట పద్ధతిలో తెచ్చి ఇలాంటి లింకుల మీద విరుచుకుపడింది. నాసిరకం డైరెక్టరీ లింకులు లింక్ స్పామేనని, అంటే ర్యాంకు కోసం పెట్టే దొంగ లింకులేనని, గూగుల్ నిబంధనల్లో పేరు పెట్టి మరీ రాసి ఉంది. అప్పుడు సైట్ల యజమానులు హడలిపోయి "మా లింకు తీసెయ్యండి బాబూ" అని బతిమాలితే, కొన్ని డైరెక్టరీలు తీసెయ్యడానికీ ఫీజు అడిగాయి. ఎక్కించడానికి డబ్బు, దించడానికి డబ్బు! సిగ్గుండాలి. ఇది వ్యాపారం కాదు, దోపిడీ. ఇందులో మోసపోయేది పెద్ద కంపెనీలా? కాదు. అప్పు చేసి సైటు పెట్టుకుని, ప్యాకేజీ అమ్మినవాడు పంపిన ఎక్సెల్ షీటులో "అప్రూవ్డ్" అన్న పచ్చ గళ్లు చూసి మురిసిపోయే చిన్న మనిషి. ఆ షీటులో కస్టమర్ అన్న కాలమే ఉండదు.

జనం నిజంగా వెతికే చోట్లు లేకపోలేదు. మ్యాపుల్లో వ్యాపారం నమోదు చేసుకోండి, మీ వృత్తి సంఘం సభ్యుల జాబితాలో పేరుందో లేదో చూసుకోండి. ఈ పనికి ప్యాకేజీ అక్కర్లేదు.

అయినా కొనితీరాలని ఉంటే, ఆ లింకుల మీద నొక్కి ఎందరు వచ్చారో అమ్మినవాణ్ని అడగండి. "ఇది బ్రాండింగ్ సార్, టైమ్ పడుతుంది" అంటాడు. ఆర్నెల్లు ఆగి మళ్లీ అడిగితే, ప్యాకేజీ చిన్నదైపోయిందని, వెయ్యి డైరెక్టరీలది తీసుకోమని చెబుతాడు.