పదిహేనో బంతి పునరావాసం

పద్నాలుగు బంతులు పోయాయి, ఒకటి మిగిలింది. ఎక్కడైనా మిగిలినవాడికే మర్యాద ఎక్కువ చేస్తారు. ఎదురెళ్ళి కుశలం అడుగుతారు, దిష్టి తీస్తారు, కనీసం కుర్చీ చూపిస్తారు. అమెరికాలో పుట్టిన, బిలియర్డ్స్ తరహా బల్ల ఆట అయిన స్ట్రెయిట్ పూల్‌లో మాత్రం బల్ల అంచున ఉండే గుంతల్లోకి, అంటే పాకెట్లలోకి, పోయిన ఆ పద్నాలుగింటినీ ఏరి తెచ్చి, త్రికోణపు చట్రంలో ఒద్దికగా పేర్చి, సగౌరవంగా స్వస్థలంలో నిలబెడతారు. బతికి బట్టకట్టిన పదిహేనో బంతినేమో ఎక్కడున్నావు, ఎంతవరకు ఉన్నావు, ఏ హక్కుతో ఉన్నావు అని నిలదీస్తారు. ఈ నిలదీత కోసమే నిబంధనల పుస్తకంలో ఒక ప్రత్యేక పట్టిక ఉంది. మానవజాతి ఇంతవరకు రాసుకున్న పునరావాస చట్టాలన్నింటిలోనూ ఇంత సంక్షిప్తమైనది, ఇంత నిర్దాక్షిణ్యమైనది మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. బల్ల మీద పదిహేను రంగుబంతులుంటాయి. క్యూ అనే కర్రతో విడిగా ఉండే తెల్లబంతిని కొట్టి, దానితో వీటిని పాకెట్లలోకి తోయాలి. ఏ బంతిని ఏ పాకెట్లో వేస్తారో ముందుగా చెప్పి మరీ వేయాలి, బంతికొక పాయింటు, పెద్ద పోటీల్లో 150 పాయింట్లకు ఆట ముగియడం పరిపాటి. పూర్వం పదిహేనూ అయిపోయాక పదిహేనింటినీ మళ్ళీ పేర్చేవారు. ఆ గుంపును పగలగొట్టిన వాడి శ్రమ ఎదుటివాడికి విందు అవుతుంది కనుక, దాన్ని మనస్ఫూర్తిగా పగలగొట్టడానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. 1910లో జెరోమ్ కియో అనే ఆటగాడు ఈ ప్రతిష్టంభనకు విరుగుడు కనిపెట్టాడు. పద్నాలుగే పేర్చాలి, ఒకటి బయట ఉండాలి; ఆ ఒక్కదాన్నీ పాకెట్లో వేస్తూ, అదే దెబ్బతో తెల్లబంతిని గుంపులోకి దూకించి చెల్లాచెదురు చేయాలి. ఆటకు 14.1 అనే పేరు వచ్చింది ఈ ఏర్పాటు వల్లనే. దశాంశ బిందువుకు కుడివైపు ఒంటరిగా నిలబడిన ఆ 1 గురించే నా ఆవేదన అంతా.

పద్నాలుగింటిని పేర్చినప్పుడు త్రికోణానికి కొన దగ్గర, ఫుట్ స్పాట్ అనే చుక్క మీద, ఒక బంతి పట్టేంత చోటును ఖాళీగా వదిలేస్తారు. న్యాయంగా అది పదిహేనోదాని ఇల్లు. దాని వాటాయే ఖాళీగా ఉంది, కానీ అది మాత్రం ఆ ఇంట్లో ఉండకూడదు. అక్కడే కాదు, త్రికోణం హద్దు లోపల ఎక్కడ కనబడినా దాన్ని ఎత్తి, బల్లకు ఆ చివరన ఉన్న హెడ్ స్పాట్ మీద దించుతారు. తొమ్మిదడుగుల బల్ల మీద ఆ రెండు చుక్కల మధ్య దూరం 50 అంగుళాలు. మనకది రెండు మూరల పైచిలుకే కావచ్చు గాని, రెండుంపావు అంగుళాల వ్యాసమున్న ప్రాణికి అది దేశాంతరమే.

హద్దు సంగతి మరీ ముచ్చటగా ఉంటుంది. త్రికోణపు గీతను బల్ల మీది గుడ్డపైనే గీసి ఉంచాలని నియమం. బంతి ఆ గీతకు లోపల ఉన్నా, గీత మీదికి కాస్త ఒరిగినా ఆక్రమణ కిందికే వస్తుంది. గోళాకారపు వస్తువు గుడ్డను తాకేది ఆవగింజంత చోటులోనే. అయినా చూసేది ఆ ఆవగింజను కాదు. పైనుంచి చూస్తే పొట్ట ఎంతవరకు వచ్చిందన్నదే ప్రశ్న. ఇంటి గోడ సొంత స్థలంలోనే ఉన్నా బాల్కనీ రోడ్డు మీదికి వచ్చిందని నోటీసు అందుకున్నవారికి ఈ సూత్రాన్ని వేరుగా వివరించనక్కర్లేదు. పైగా బంతి హద్దులో ఉందో లేదో రెఫరీ చెబుతాడట, కాని అడిగితేనే చెబుతాడట. అడగని వాడికి సమాచారం ఇవ్వకూడదన్న సూత్రాన్ని ఏ ఆఫీసు ఏ ఆఫీసు దగ్గర నేర్చుకుందో పరిశోధకులు తేల్చాలి.

ఇక ఆ ఇల్లు దక్కించుకునే మార్గాలు రెండున్నాయి. మొదటిది చనిపోవడం. పద్నాలుగో బంతిని వేసిన దెబ్బకే పదిహేనోది కూడా పాకెట్లో పడిందనుకోండి, అప్పుడు పదిహేనింటినీ కలిపి పూర్తి త్రికోణం పేరుస్తారు. మనవాడు దర్జాగా ఫుట్ స్పాట్ మీద గృహప్రవేశం చేస్తాడు. ఆటగాడికి అదనంగా ఒక పాయింటు కూడా వస్తుంది. అయితే అతని ముఖంలో ఆ ఆనందం కనబడదు, ఎందుకంటే గుంపును పగలగొట్టడానికి బయట మిగలాల్సిన బంతే ఇప్పుడు గుంపులో కలిసిపోయింది, 1910కి ముందరి ప్రతిష్టంభన అతనొక్కడి కోసం తిరిగి వచ్చి కూర్చుంది.

రెండో మార్గాన్ని చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కళ్ళు తుడుచుకున్నాను. పదిహేనో బంతి ఒక్కటే హద్దులో ఉంటే ఖాళీ చేయిస్తారు కదా! అదే దానితోపాటు తెల్లబంతి కూడా ఆక్రమణలో ఉందనుకోండి, అప్పుడు ఎవరినీ వెళ్ళగొట్టరు. పదిహేనోదానికి ఫుట్ స్పాట్ మీద ఇల్లు ఖాయం చేస్తారు. తెల్లబంతిని హెడ్ స్పాట్ మీదుగా సాగే అడ్డగీత వెనుక, అమెరికావారు వంటిల్లు అని పిలుచుకునే భాగంలో, ఆటగాడికి ఇష్టమైన చోట పెట్టుకోమంటారు. ఒంటరిగా ఆక్రమిస్తే నేరం, పెద్దవారితో కలిసి ఆక్రమిస్తే క్రమబద్ధీకరణ. ఇంతటి లోకజ్ఞానాన్ని ఒక పట్టికలో రెండు గళ్ళు కలిసే చోట ఇమిడ్చినవారికి ఏ పురపాలక సంఘంలోనైనా ఉద్యోగం దొరుకుతుంది.

తెల్లబంతి పెద్దరికం అక్కడితో ఆగదు. పదిహేనోదాన్ని హెడ్ స్పాట్‌కు తీసుకువెళ్ళేసరికి అక్కడ తెల్లబంతి ముందే కూర్చుని ఉందనుకుందాం. కాస్త జరగండని దానిని ఎవరూ అనరు. నిర్వాసితుడినే బల్ల నడిబొడ్డున సెంటర్ స్పాట్ మీద దించుతారు. అయితే న్యాయం చెప్పాలి, ఇక్కడ నిబంధనకారులు పక్షపాతం చూపలేదు. తారుమారుగా, తెల్లబంతి త్రికోణంలో చిక్కి, పదిహేనోది హెడ్ స్పాట్ మీద ఉంటే, పదిహేనోదాన్ని కదపరు, తెల్లబంతే సెంటర్ స్పాట్‌కు పోవాలి. పదిహేనోది వంటింట్లో హెడ్ స్పాట్ కాని మరేదో మూలన ఉంటే తెల్లబంతికి హెడ్ స్పాట్ ఇస్తారు. చేతిలోకి తీసుకున్న తెల్లబంతిని వంటింట్లో పెట్టి వంటింట్లోని బంతినే నేరుగా కొట్టే వీల్లేదు. అందుకని ఆటగాడి చెయ్యి కట్టేయకుండా ఈ సదుపాయం. పదిహేనోది వంటింటికీ త్రికోణానికీ మధ్య మైదానంలో ఉంటే తెల్లబంతికి వంటిల్లంతా స్వేచ్ఛే. ఇంత ఆలోచన మన ఇళ్ళల్లో అల్లుడొచ్చినప్పుడు ఎవరు ఏ గదిలో పడుకోవాలన్న చర్చలోనే చూశాను.

తప్పు దెబ్బకు పడిన బంతుల్ని బల్ల మీదికి తిరిగి తెచ్చే పద్ధతిలో మడి ఆచారం కూడా ఉంది. అలాంటి బంతిని ఫుట్ స్పాట్ మీద పెట్టాలి. అక్కడ మరొకటి అడ్డుంటే, ఆ చుక్క నుంచి చివరి గట్టు వైపు సాగే గీత మీద, చుక్కకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టాలి. అడ్డున్నది మామూలు రంగుబంతి అయితే దానికి ఆనించి పెట్టాలి. తెల్లబంతి అయితే మాత్రం ఆనకూడదు, మధ్యలో సన్నని ఎడం ఉండి తీరాలి. కింది గీతంతా నిండిపోతే చుక్కకు ఎగువన చోటు చూస్తారు. రంగుబంతులు ఒకదాన్నొకటి రాసుకుని కూర్చోవచ్చు, తెల్లదాన్ని మాత్రం తాకరాదు అన్న ఈ నియమానికి సాంకేతిక కారణాలు ఉండే ఉంటాయి. నాకు మాత్రం అది ఎక్కడో చూసిన ముఖంలాగే కనబడింది.

పాకెట్ అంచున వేలాడే బంతికి ఐదు సెకన్ల గడువుంది. కదలకుండా ఐదు సెకన్లో అంతకంటే ఎక్కువో నిలబడి, ఆ తర్వాత తనంతట తాను పడితే, ఆ మరణం చెల్లదు. తెచ్చి అంచునే నిలబెడతారు. గడువు దాటిన దరఖాస్తు తిరస్కరణకు ఇంతకంటే స్వచ్ఛమైన ఉదాహరణ లేదు.

ఈ చట్టాన్నంతా తలకెక్కించుకున్న ఆటగాడు చేసేదేమిటంటే, పదిహేనో బంతిని గీతకు అవతల, కాని గీతకు దగ్గరలో, నోటీసు రాని దూరంలో మిగల్చడం. ఈ ఆటలో అసలు విద్య బంతులు వేయడం కాదు, హద్దు పక్కన ఒకదాన్ని బతకనివ్వడం. 1954లో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో విల్లీ మోస్కోనీ ఏకబిగిన 526 బంతులు వేశాడు. పద్నాలుగేసి చొప్పున లెక్క వేస్తే త్రికోణం సుమారు 37 సార్లు తిరిగి పేర్చి ఉండాలి, అన్నిసార్లూ ఒక్కో బంతి గీత పక్కన సర్దుకుని ఉండాలి. 2019లో జాన్ ష్మిట్ 626 దాకా వెళ్ళాడు, 2022లో జేసన్ షా 714 దాకా. వారిని ఆటగాళ్ళంటారు గాని నా లెక్కన వారు తిరుగులేని సర్వేయర్లు.

వారంతటి వారు కాని మనబోటి ఆటగాడి సంగతి వేరు. అతని పదిహేనో బంతి గీతను ఒక వెంట్రుకవాసి మేర లోపలికి దాటింది. అతడు వంగి చూస్తాడు, లేచి చూస్తాడు, అవతలి వైపునుంచి చూస్తాడు, చివరికి ఉండబట్టలేక రెఫరీని అడుగుతాడు. రెఫరీ అడిగినందుకు చెబుతాడు. బంతిని రెండు వేళ్ళతో ఎత్తి, 50 అంగుళాల దూరం మోసుకుపోయి, హెడ్ స్పాట్ మీద సున్నితంగా పెడతాడు. ఇప్పుడు బంతి ఈ చివర, పగలగొట్టాల్సిన గుంపు ఆ చివర. దీన్ని పాకెట్లో వేయగలడు గాని, అదే దెబ్బతో తెల్లబంతి అంత దూరం తిరిగివచ్చి పద్నాలుగింటిని చెదరగొట్టడం తన వల్ల కాని పని. అతడు క్యూ కొనకు సుద్ద రాసుకుంటాడు, త్రికోణంలో ఖాళీగా ఉన్న ఆ కొన వైపు ఒకసారి చూస్తాడు, సేఫ్టీ అని, అంటే ఈసారి బంతి వేయను, ఎదుటివాడికి సులువు కానివ్వను అని చెప్పి తెల్లబంతిని మెల్లగా గట్టుకు చేర్చి, వెళ్ళి కుర్చీలో కూర్చుంటాడు.