రైతు అడిగినదానికి ముందు జవాబు చెప్పండి

వ్యవసాయ కంపెనీలు ఆన్‌లైన్‌లో మాట్లాడే తీరు గురించి చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఇవాళ రాసేస్తున్నాను. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, డ్రిప్పు సామాన్లు, యంత్రాలు అమ్మే సంస్థలన్నిటికీ ఇప్పుడు పేజీ ఉంది, ఛానెల్ ఉంది, వాట్సాప్ గ్రూపులున్నాయి, చాలావాటికి బ్లాగు కూడా ఉంది. రోజూ ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. శుభాకాంక్షలు, డీలర్ల సమావేశం ఫొటోలు, డ్రోన్‌తో తీసిన పచ్చటి చేలు, "అధిక దిగుబడికి ఒకే పరిష్కారం" అని పెద్దక్షరాలు. వాటి కింద రైతు అడిగిన ప్రశ్న మాత్రం అలాగే పడి ఉంటుంది.

ఈమధ్య ఒక కంపెనీ వీడియో కింద చూశాను. ఒక రైతు ఇలా రాశాడు: "మందు కొట్టిన మూడో రోజు నుంచి లేత ఆకుల అంచులు మాడుతున్నాయి సార్. ఇంకోసారి కొట్టాలా, ఆపాలా?" ఎంత సూటి ప్రశ్నో చూడండి. ఎప్పుడు మొదలైంది, ఏ ఆకులకు వచ్చింది, ఆకులో ఎక్కడ వచ్చింది అన్నీ చెప్పాడు. దానికి వచ్చిన జవాబు: "మా ఉత్పత్తిపై ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు. మీ నంబరు పంపండి, మా ప్రతినిధి సంప్రదిస్తారు." చివర రెండు దండాల బొమ్మలు, ఒక ఆకు బొమ్మ. ఆయన నంబరు పెట్టాడు. కొన్నాళ్లాగి "ఎవరూ ఫోన్ చేయలేదు సార్" అని మళ్లీ రాశాడు. మళ్లీ అదే జవాబు, అక్షరం పొల్లు పోకుండా. దాని కింద ఇంకో రైతు: "నాకూ అదే సమస్య. మీకేమైనా చెప్పారా అన్నా?"

ఆ వీడియోకి కంపెనీ ఎంత ఖర్చు పెట్టిందో నాకు తెలియదు. కానీ కొనబోయే రైతు వీడియో చూడటంతో ఆగడు, కిందికి వెళ్లి సాటి రైతులు ఏమన్నారో చదువుతాడు. అక్కడ ఆయనకు కనిపించేది ఈ మూడు నాలుగు లైన్లే. ఇక ఆ పైన సంగీతం పెట్టి చూపించిన పచ్చదనమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇది ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన సంగతి కూడా కాదు. 1943లో బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం రైతుల్లోకి ఎలా పాకిందో పరిశీలించి ప్రచురించారు. వాళ్లు లెక్కలోకి తీసుకున్న 259 మంది రైతుల్లో 1941 నాటికి ఇద్దరు తప్ప అందరూ ఆ విత్తనం వేశారు. దాని గురించి మొదట ఎవరి ద్వారా విన్నారంటే ఎక్కువమంది చెప్పింది కంపెనీ సేల్స్‌మన్ పేరు. వేద్దామని నిర్ణయించుకోవడానికి ఎవరి మాట పనిచేసిందంటే ఎక్కువమంది చెప్పింది పక్క రైతు పేరు. ఎనభై ఏళ్ల కింద తేలిన విషయమిది. ప్రచారం వల్ల పేరు చెవిన పడుతుంది, నమ్మకం మాత్రం ఆల్రెడీ వాడినవాడి దగ్గర దొరుకుతుంది. ఇప్పుడు ఆ పక్క రైతు వీడియో కింద ఉన్నాడు, గ్రూపులో ఉన్నాడు. ఆయనతో సరిగ్గా మాట్లాడకుండా కంపెనీలు ఎవరికోసం మాట్లాడుతున్నట్టు?

నేను ఇలాంటి సంస్థలకు వ్యాసాలు, వీడియో స్క్రిప్టులు రాసే పనిలో ఉన్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో తెలుసు. నెలాఖరు మీటింగ్‌లో అడిగేవి వ్యూస్, లైకులు, కొత్తగా చేరిన ఫాలోవర్లు. ఈ నెల రైతులు ఎన్ని ప్రశ్నలు వేశారు, ఎన్నిటికి పనికొచ్చే జవాబిచ్చాం, ఎన్ని గంటల్లో ఇచ్చాం అని ఎవరూ అడగరు. ఒక సంస్థలో అయితే మొలక శాతం సరిగా లేదని ఒక రైతు ఫొటోలతో సహా పెట్టిన ఫిర్యాదును "నెగెటివ్‌గా ఉంది, తీసేయండి" అన్నారు. నేను వద్దన్నాను. అయినా వేరేవాళ్లతో తీసేయించారు. ఆ రైతు దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది. అది ఆయన కంపెనీ మనుషులెవరూ లేని గ్రూపులకు పంపుకున్నాడు. సొంత పేజీలో ఉంటే జవాబు చెప్పుకునే వీలుండేది. ఇప్పుడు ఆ ఫొటో ఊరూరా తిరుగుతోంది, కంపెనీ వైపు మాట చెప్పేవాడే లేడు.

నిజానికి జవాబు చెప్పడం తేలికేమీ కాదు, అది ఒప్పుకోవాల్సిందే. "ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఏం కొట్టాలి?" అని ఒక ఫొటో వస్తుంది. దీనికి కంపెనీ మనిషి తడుముకోకుండా తమ సూక్ష్మపోషకాల డబ్బా పేరు రాసేస్తాడు. కానీ పసుపు అంటే ఒకటే కారణమా? కింది ముదురు ఆకుల నుంచి మొదలైతే నత్రజని లోపం కావచ్చు, ఎందుకంటే మొక్క ముదురాకుల్లోని నత్రజనిని లాగి లేత చిగురుకు పంపిస్తుంది. ఇనుము అలా కదలదు, అందుకే దాని లోపం లేత ఆకుల్లో మొదట బయటపడుతుంది. ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పాలిపోతుంది. అది కూడా నేలలో ఇనుము లేక కాకపోవచ్చు. సున్నం ఎక్కువున్న క్షార నేలల్లో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. చేలో నీళ్లు నిలిచి వేళ్లకు గాలి ఆడకపోయినా ఆకు పసుపే. అప్పుడు కావాల్సింది మందు కాదు, నీళ్లు బయటికి పోవడానికి కాలువ.

కాబట్టి మంచి జవాబు ఎదురు ప్రశ్నతో మొదలవ్వాలి. పై ఆకులా, కింది ఆకులా? చేనంతా ఉందా, అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా ఉందా? గత పది రోజుల్లో ఏమేం కొట్టారు, నీళ్లెప్పుడు పెట్టారు? మొక్క మొత్తం ఒక ఫొటో, ఆకు అడుగుభాగం ఒక ఫొటో, దూరం నుంచి చేను ఒక ఫొటో పంపండి. ఇవి అడిగాక "ఇది మా మందుతో తగ్గేది కాదు, ముందు నీళ్లు తీసేయండి" అని రాసిన కంపెనీ ఉద్యోగిని నేను చూశాను. చిన్న సంస్థ. ఆ ఒక్క జవాబు కింద ఎంతమంది రైతులు తమ ప్రశ్నలు తెచ్చి పెట్టారో! అమ్మకం వదులుకున్న మనిషి మాట కదా, అందుకే నమ్మారు.

మోతాదుల విషయంలో నాకు ఇంకా కోపం. "లీటరుకు 2 మి.లీ." అని పోస్టరు మీద వేసి చేతులు దులుపుకుంటారు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు వాడేవాడు ఆ లెక్కన 400 మి.లీ. మందు కొడతాడు. పవర్ స్ప్రేయరుతో 100 లీటర్లలోనే పని ముగించేవాడికి ఎకరాకు పడేది 200 మి.లీ. మాత్రమే. ఇద్దరూ పోస్టరు ప్రకారమే చేశారు. ఒకరికి పనిచేసింది, ఇంకొకరికి చేయలేదు. రెండో ఆయన వచ్చి "మీది నకిలీ మందు" అంటే తప్పెవరిది? ఎకరాకు ఎంత మందు, ఎంత నీరు, ఏ పైరు దశలో, చివరి పిచికారీకి కోతకు మధ్య ఎన్ని రోజులు ఆగాలి అన్నవి లేబుల్ మీద ఉంటాయి. ఆ లేబుల్‌ని ఫోన్‌లో చదవగలిగే అక్షరాల్లో పెట్టడం కూడా కష్టమేనా? చాలా సంస్థల వెబ్‌సైట్లలో అది కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మ. వేళ్లతో ఎంత పెద్దది చేసినా మసకే. వెతికితే దొరకదు, వాయిస్‌లో చదివించుకుందామన్నా కుదరదు.

ఇక విజయగాథలు. మైకు ముందు రైతు, పక్కన కంపెనీ టోపీ పెట్టుకున్న మనిషి, "దిగుబడి బాగా పెరిగింది." దేనితో పోలిస్తే? నిరుడు వానల్లేవు, ఈ ఏడు బాగా పడ్డాయి. ఆ పెరుగుదల వానదా, మందుదా? అదే చేలో నాలుగు సాళ్లు మందు కొట్టకుండా వదిలి, రెండు వైపులా ఒకే రోజు ఫొటోలు తీసి, కోత రోజున విడివిడిగా తూకం వేసి చూపిస్తే చాలు. మైకు అక్కర్లేదు. నేల ఏ రకం, నీటి వసతి ఏంటి, విత్తిన తేదీ ఎప్పుడు అన్నవి చెబితే చూసే రైతు తన చేనుకు సరిపోతుందో లేదో తనే తేల్చుకుంటాడు. తేడా రాని చోట్ల ఫలితాలు కూడా పెట్టమని నేను అడుగుతూనే ఉన్నాను. "తేలిక నేలల్లో ఇది మేం అనుకున్నంత పనిచేయలేదు" అని రాసిన రోజున నల్లరేగడి రైతు మీ మాట ఇంకా గట్టిగా నమ్ముతాడు. ఈ మాట అంటే మీటింగ్‌లో అందరూ మొహాలు చూసుకుంటారు.

తేదీ గురించి కూడా చెప్పాలి. ఫలానా పురుగు ఉధృతి ఉంది, జాగ్రత్త అని ఒక బొమ్మ తయారు చేసి గ్రూపులో పెడతారు. తేదీ, ప్రాంతం పైన రాసే నాలుగు మాటల్లో ఉంటాయి, బొమ్మలో ఉండవు. ఫార్వర్డ్ అయ్యేది బొమ్మ ఒక్కటే. పైఏడు ఎక్కడో ఇంకో రైతుకు అది చేరి, అక్కర్లేని మందు కొట్టిస్తుంది. తేదీ, ప్రాంతం, పైరు వయసు బొమ్మ మీదే, కత్తిరించడానికి వీల్లేని చోట వేయాలి. ఆడియో అయితే మొదటి మాటే తేదీ కావాలి.

కొందరు "ఇప్పుడు బ్లాగులెవరు చదువుతారండీ, అంతా చిన్న వీడియోలే" అంటారు. వీడియో కావాల్సిందే, నాజిల్ ఎలా మార్చాలో, డ్రిప్పు ఫిల్టరు ఎలా కడగాలో అక్షరాల్లో చెప్పడం కష్టం. కానీ వీడియో మీద పడ్డ వ్యామోహంలో రాసిన సమాచారాన్ని గాలికొదిలేశారు. పేజీలో పెట్టిన పోస్టు రెండు రోజుల్లో కిందికి వెళ్లిపోతుంది. ఎవరికి చూపించాలో ఆ యాప్ నిర్ణయిస్తుంది. గూగుల్ నడిపిన సోషల్ మీడియా సైటు గూగుల్ ప్లస్ 2019లో మూతపడింది, అక్కడ పెట్టినవన్నీ పోయాయి. సొంత సైటులో, లక్షణం పేరే శీర్షికగా పెట్టి రాసిన పేజీ మాత్రం పూత రాలుతున్న రోజున, అర్ధరాత్రి టెన్షన్‌తో వెతికే రైతుకు ఏ ఏడైనా దొరుకుతుంది. జాన్ డీర్ కంపెనీ 'ది ఫరో' అనే పత్రికను 1895లో మొదలుపెట్టింది, ఇప్పటికీ నడుపుతోంది. ట్రాక్టర్లమ్మే కంపెనీ పత్రికే అయినా అందులో ప్రధానంగా ఉండేవి సేద్యం గురించిన కథనాలు. అంత ఓపిక ఈ రోజు ఆరు నెలల ప్రచార కాంట్రాక్టుల్లో కనబడదు.

ఈ ఓపిక విలువ గడ్డురోజు వచ్చినప్పుడు తెలుస్తుంది. 2012 మార్చిలో అమెరికాలో ఒక మాంస ఉత్పత్తి మీద టీవీ కథనాలు వరసగా వచ్చాయి. అదే నెలలో, బడి భోజనాల్లో దాన్ని వాడొద్దని ఒక బ్లాగర్ ఆన్‌లైన్‌లో పిటిషన్ పెడితే రోజుల వ్యవధిలో రెండు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. దాన్ని తయారు చేసే బీఫ్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ అప్పుడు హడావుడిగా వెబ్‌సైట్ పెట్టి వివరణలిచ్చింది. కానీ నాలుగు ప్లాంట్లలో మూడు మూసేయాల్సి వచ్చింది. టీవీ సంస్థ మీద వేసిన దావా 2017లో పెద్ద మొత్తంతో రాజీ అయింది, కానీ అప్పటికి అయిదేళ్లు గడిచిపోయాయి. ఆ ఉత్పత్తి మంచిదా కాదా అన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు. మీరు ఏం చేస్తారో, ఎలా చేస్తారో ముందునుంచీ జనానికి చెబుతూ ఉంటే, ఎవరో వేలెత్తి చూపిన రోజున మీ మాట వినేవాళ్లు కొందరైనా ఉంటారు. నిప్పంటుకున్నాక బావి తవ్వితే లాభం లేదు.

తాము పండించింది నేరుగా అమ్ముకునే రైతులు, రైతు సంఘాలు కూడా ఆన్‌లైన్‌లో బాగా పెరిగారు, సంతోషం. వాళ్లకు ఒక్కటే చెబుతాను. తెల్లవారుజామున చేను ఫొటో అందంగా ఉంటుంది, కానీ కొనేవాడికి కావాల్సింది ఏ రకం, ఎప్పుడు కోశారు, ఎంత సరుకు ఉంది, గ్రేడింగ్ చేశారా, రవాణా ఎవరిది అన్న వివరాలు. అవి ఒక చోట పెట్టి, సరుకు అయిపోగానే "అయిపోయింది" అని మార్చండి. అయిపోయిన సరుకు కోసం ఫోన్లు చేయించుకోవడం కన్నా అది నయం.

మళ్లీ కంపెనీల విషయానికొస్తే, నేను అడుగుతున్నవాటికి కొత్త బడ్జెట్ పెద్దగా అక్కర్లేదు. పైరు కాలంలో వచ్చిన ప్రతి ప్రశ్ననూ తేదీతో, పైరు దశతో ఒక షీట్‌లో రాసుకునే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి పక్కన వ్యవసాయం చదివి చేలో తిరిగిన నిపుణుడు ఒకరు ఉండాలి, జవాబు కింద వాళ్ల పేరు ఉండాలి. ఆదివారాలు, సెలవులు పురుగుకు ఉండవు కాబట్టి సీజన్‌లో వీళ్లిద్దరికీ షిఫ్టులు వేయాలి. కోతలయ్యాక ఆ షీట్ తీసుకెళ్లి మార్కెటింగ్‌తో పాటు మందు తయారు చేసేవాళ్ల ముందు, లేబుల్ రాసేవాళ్ల ముందు పెట్టాలి. ఆకు అంచులు మాడాయని చెప్పిన ఆ రైతు నంబరు ఇప్పటికీ వీడియో కిందే ఉంది. ముందు ఆయనకు ఫోన్ చేయండి. ఆయనతో పాటు అడిగిన రెండో ఆయనకు కూడా.