నునావుట్‌లో 41 ఓట్లు చెప్పిన సంగతి

కెనడా ఎన్నికలంటే మన వార్తల్లో బ్రాంప్టన్, సర్రే, టొరంటో శివార్ల ప్రస్తావనే ఎక్కువ. భారత సంతతి వాళ్లు ఎక్కువగా స్థిరపడింది అక్కడే కాబట్టి అది సహజమే. కానీ 2025 ఏప్రిల్ 28 నాటి సమాఖ్య ఎన్నికల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఫలితం ఉత్తర ధ్రువం వైపున్న నునావుట్‌ది. విస్తీర్ణం సుమారు 21 లక్షల చదరపు కిలోమీటర్లు, భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 36,858 మంది, వారిలో అత్యధికులు అక్కడి ఆదిమవాసులైన ఇన్యుయిట్లు. పార్లమెంటులో సీటు ఒక్కటే. ఆ సీటును వామపక్ష మొగ్గున్న న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ) అభ్యర్థి లోరీ ఇడ్లౌట్ 41 ఓట్ల తేడాతో నిలబెట్టుకున్నారు.

ఆ ఎన్నికల్లో ఎన్‌డీపీ ఏడు సీట్లకు పడిపోయింది. నాయకుడు జగ్మీత్ సింగ్ సొంత సీటే పోగొట్టుకున్నారు. కెనడాను అమెరికా "51వ రాష్ట్రం" చేస్తానన్న ట్రంప్ మాటలతో కలవరపడిన ఓటర్లు లిబరల్ ప్రధాని మార్క్ కార్నీ వెనక చేరారు. ఆ గాలిలోనూ నునావుట్ నిలబడిందంటే కారణం అక్కడి రాజకీయ అలవాటులో ఉందని నా అభిప్రాయం. 1999లో ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడిన నునావుట్ శాసనసభలో పార్టీలే లేవు. సభ్యులు వ్యక్తులుగా గెలిచి, తమలోంచి ఒకరిని ప్రీమియర్‌గా, అంటే ప్రభుత్వాధినేతగా ఎన్నుకుంటారు. అందుకే రాజధాని ఒటావాలోని పార్లమెంటుకు పంపేటప్పుడు కూడా ఓటరు ముందు చూసేది మనిషినే. 2008లో కన్జర్వేటివ్ అభ్యర్థి లియోనా అగ్లుక్కాక్, 2015లో లిబరల్ హంటర్ టూటూ, 2019లో ఎన్‌డీపీ తరఫున పాతికేళ్ల ముమిలాక్ కకాక్ గెలిచారు. ఈసారి ఇడ్లౌట్‌కు గట్టి పోటీ ఇచ్చిన లిబరల్ అభ్యర్థి కిలిక్వాక్ కబ్లూనా కూడా ఇన్యుయిట్ల భూ ఒప్పందం హక్కులను చూసే నునావుట్ తుంగావిక్ సంస్థకు సీఈఓగా పనిచేసిన వ్యక్తి. పోరు అంత దగ్గరగా సాగడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడ ప్రచారం చేయడమే పెద్ద పరీక్ష. మొత్తం 25 ఊళ్లు. ఏ ఊరి నుంచి ఏ ఊరికీ రోడ్డు లేదు. విమానమే దిక్కు, టికెట్ ధర భారీ, మంచు తుఫాను వస్తే ప్రయాణం ఆగిపోతుంది. నియోజకవర్గం మూడు టైమ్ జోన్లలో పరుచుకుని ఉంది. ఇంటింటికీ తిరిగే పని ఇక్కడ చాలావరకు ఊరి రేడియో, ఫేస్‌బుక్ పేజీలే చేస్తాయి.

2025లో ఈ ప్రాంతం మీద దేశం చూపు పడిన మాట నిజం. ఫిబ్రవరిలో కన్జర్వేటివ్ నాయకుడు పియర్ పోలియెవ్ నునావుట్ రాజధాని ఇకాలుయిట్ వెళ్లి సైనిక స్థావరం కడతామన్నారు. మార్చిలో ప్రధాని కార్నీ అదే ఊరికి వెళ్లి, ఆస్ట్రేలియాతో కలిసి సుమారు 600 కోట్ల కెనడా డాలర్లతో రాడార్ వ్యవస్థ తెస్తామని ప్రకటించారు. రష్యా, అమెరికా, ఆర్కిటిక్ దీవుల మధ్య నుంచి పోయే వాయవ్య సముద్ర మార్గం, ఆర్కిటిక్ సార్వభౌమత్వం: చర్చంతా వీటి చుట్టూనే. అదే మార్చి చివరితో, పిల్లలున్న ఇన్యుయిట్ కుటుంబాలకు నెలనెలా అందుతున్న ఆహార వోచర్ల నిధులు ఆగిపోయాయి. దక్షిణ కెనడా ధరకు రెండు మూడింతలు పెట్టి పాలు, పండ్లు కొనుక్కోవాల్సిన చోట ఆ వోచర్ చాలా ఇళ్లలో పిల్లల కడుపు నింపింది. రాడార్‌కు దొరికిన డబ్బు పిల్లల తిండికి ఎందుకు దొరకలేదని ఒక తల్లి అడిగితే ఆ నాయకుల దగ్గర ఏం జవాబు ఉంది?

ఈ ప్రశ్నకు వెనక ఒక పాత గాయం ఉంది. 1953లో కెనడా ప్రభుత్వం క్యూబెక్ ఉత్తరాన ఉన్న ఇనుక్జువాక్ నుంచి ఇన్యుయిట్ కుటుంబాలను సుమారు రెండు వేల కిలోమీటర్ల అవతల ఆర్కిటిక్ దీవుల్లోని గ్రీస్ ఫియోర్డ్, రెజల్యూట్‌లకు తరలించింది. వేట బాగుంటుంది, నచ్చకపోతే వెనక్కి తెస్తామని చెప్పింది. నెలల తరబడి సూర్యుడు కనిపించని చీకటిలో వాళ్లను వదిలేసింది, మాట నిలబెట్టుకోలేదు. ఆ నిర్జన దీవులు కెనడావేనని ప్రపంచానికి చూపడానికే తమను అక్కడ నిలబెట్టారని బాధితులు చెబుతూ వచ్చారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. అంటే సార్వభౌమత్వానికి ఇన్యుయిట్లు ఇప్పటికే ఒకసారి తమ బతుకులతో మూల్యం చెల్లించారు. ఈ రోజు కూడా నునావుట్ ఇన్యుయిట్లలో సగానికి పైగా ఇరుకు ఇళ్లలో ఉంటున్నారు. కెనడాలో మిగతా చాలా చోట్ల అరుదైపోయిన క్షయ ఇక్కడ ఇంకా పిల్లలను పట్టుకుంటోంది. ఈ భూమి కెనడాది అనడానికి బలమైన రుజువు ఇక్కడ నిలిచిన ఊళ్లే, వాటి ఇళ్లకు పెట్టే ఖర్చును రక్షణ ఖర్చుగానే లెక్కించాలి.

పోలింగ్ 40 శాతం కూడా దాటకపోవడాన్ని చూసి అక్కడి వాళ్లకు ఆసక్తి లేదని తేల్చేసేవాళ్లున్నారు. ఆ మాట ఒప్పుకోను. పక్కనే క్యూబెక్‌లోని నునావిక్‌లో అదే రోజు కొన్ని ఊళ్లలో సిబ్బంది లేక పోలింగ్ కేంద్రాలు ముందే మూసేశారు. ఓటు వేద్దామని వచ్చినవాళ్లు తిరిగి వెళ్లారు. దేశ ప్రధాన ఎన్నికల అధికారి స్తెఫాన్ పెరో బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 41 ఓట్లతో సీటు తేలే చోట ఒక్క ఊరి పెట్టె తెరుచుకోకపోతే ఫలితమే మారిపోవచ్చు. దక్షిణ కెనడా నుంచి మనుషులను విమానమెక్కించే బదులు, ప్రతి ఊళ్లో ఇన్యుయిట్ల భాష ఇన్యుక్టిటుట్ మాట్లాడే స్థానికులకు ఏడాది ముందే శిక్షణ, జీతం ఇచ్చి పెట్టుకోవాలి. రాడార్ ఖర్చు పక్కన పెడితే దానికయ్యేది ఎంతో కాదు.