ప్యానెల్ చాటు తుప్పు

డెట్రాయిట్ నగరం కింద 1,100 అడుగుల పైచిలుకు లోతున ఉప్పు గని ఉంది. ప్రపంచానికి కార్లు చేసిపెట్టిన ఊరే వాటిని తినే ఉప్పునూ కడుపులో దాచుకున్నదంటే, ఇందులో దైవసంకల్పం ఏదో ఉండి తీరాలి. చలికాలం రాగానే మిషిగన్ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు కరుగుతుంది, ఇక్కడి తెలుగువారి విందుల్లో పప్పు వడ్డించకముందే చర్చ మొదలవుతుంది: అడుగున ప్లాస్టిక్ ప్యానెళ్లున్న కారుకు తుప్పు పడుతుందా?

పట్టదనే పక్షాన నేను చాలాకాలం గట్టిగా నిలబడ్డాను. నిజానికి ఆ ప్యానెళ్లను ముఖ్యంగా గాలి కోసం బిగిస్తారు. కారు కింద గాలి సుడులు తిరగకుండా జారిపోతే పెట్రోలు కలిసివస్తుంది, రొద తగ్గుతుంది. ఎగిరిపడే కంకరనూ, నేరుగా చిమ్మే బురదనూ అవి కొంత ఆపుతాయి, కాదనను. కానీ ఉప్పునీరు చక్రాల పక్క సందుల్లోంచి, అతుకుల్లోంచి లోపలికి చేరి ప్యానెల్ మీద తీరిగ్గా కూర్చుంటుంది. కటిక చలిలో రోడ్ల మీద చల్లే కాల్షియం క్లోరైడు అనే మరో రకం ఉప్పు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది కనుక ఆ బురద ఓ పట్టాన ఆరదు. ఎండ తగలదు, గాలి ఆడదు, వాన కడగదు. జాడీకి వాసెన కట్టి అటకెక్కించేటప్పుడు మా అమ్మమ్మ కోరుకున్న ఏర్పాట్లు సరిగ్గా ఇవే. పైగా రాత్రిపూట కారును వెచ్చటి గరాజులో పెట్టి, ఊరడానికి కావలసిన వేడిని కూడా మనమే సమకూరుస్తాం.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. ఆ మాట నమ్మి, కారుకు అడుగు భాగం కడిగే వాష్ క్రమం తప్పకుండా చేయించాను. నీళ్లు ప్యానెల్‌ను తళతళలాడించాయి. దాని వెనకున్న ఉప్పు జోలికి పోలేదు.

మొన్న వసంతంలో మెకానిక్ కారును పైకెత్తి, ప్యానెల్ మరలు విప్పాడు. దోసెడు కుళ్లిన ఆకులు, తెల్లటి పొక్కులు కట్టిన మట్టి అతని బూట్ల మీద పడ్డాయి. బ్రేకు గొట్టం కాకరకాయలా బొడిపెలు కట్టి ఉంది. అతను వేలితో గీకగానే పెచ్చు ఊడింది. ప్యానెల్ మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదన్న నా వాదనలో ఆ మేరకు లోపమేమీ లేదు.

గొట్టం మార్చాక, ప్యానెల్ మళ్లీ బిగించమంటారా అని అతను అడిగాడు. ఊడిపోయిన క్లిప్పులు కూడా కొత్తవి తెప్పించి, ఈసారి ఏమీ కనిపించకుండా గట్టిగా బిగించమన్నాను.