లెక్కలన్నీ రోగికేనా?

ఆరోగ్యశ్రీ ఎవరికి వర్తించాలనే మాట వచ్చినప్పుడల్లా మన అధికారులకు ముందుగా గుర్తొచ్చేది అనర్హులే. కార్లున్నవాళ్లు, మేడలున్నవాళ్లు పేదల సొమ్ము తినేస్తున్నారట. అలాంటివాళ్లు లేరని మేమూ అనం, ఉంటే ఏరాల్సిందే. కానీ తెలంగాణలో ఏరడానికి వాడుతున్న జల్లెడ ఏమిటో చూడండి. ఆరోగ్యశ్రీకి ఆధారం ఆహారభద్రత (రేషన్) కార్డు. ఆ కార్డుకు కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్నంలో 2 లక్షలు దాటకూడదు. రాష్ట్రం వచ్చిన కొత్తలో గీసిన గీత ఇది. పట్నం లెక్కే నెలకు 17 వేలు కాదు. హైదరాబాద్‌లో భర్త వాచ్‌మన్‌గా, భార్య నాలుగిళ్లలో పనికి వెళ్తే చాలు, కాగితం మీద వాళ్లు పేదలు కారు!

ఆరోగ్యశ్రీ చికిత్స పరిమితి మాత్రం 2 లక్షల నుంచి 5 లక్షలకు, అక్కడి నుంచి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. అంటే వైద్యం ఖరీదైందని సర్కారుకు బాగానే తెలుసు, ఇంటి అద్దె, పిల్లల ఫీజు పెరిగిన సంగతే ఇంకా తెలియలేదు. గీతకు ఇవతల 10 లక్షలు, అవతల సున్నా. ఆ సున్నా దగ్గర ఆగిపోయినవాళ్లు ఏం చేస్తారు? ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడతారు, చికిత్స ఖర్చు సర్కారే ఇస్తుందని ఆసుపత్రికి రాసిచ్చే ఎల్‌ఓసీ కోసమో, ముఖ్యమంత్రి సహాయనిధి (సీఎంఆర్‌ఎఫ్) చెక్కు కోసమో. హక్కుగా అందాల్సిన వైద్యం అక్కడ నాయకుడి దయ అయిపోతుంది, చెక్కుతో ఫొటో కూడా దిగాలి.

రోగిని ఇంత గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు పేర్లు నమోదు చేసేవాళ్లను, బిల్లు పెట్టేవాళ్లను ఎంత అడుగుతున్నారు? కేంద్రం ఇచ్చే ఆరోగ్య బీమా ఆయుష్మాన్ భారత్‌లో ఒకే ఒక్క ఫోన్ నంబరు మీద 7.49 లక్షల మంది లబ్ధిదారులు నమోదయ్యారని 2023లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ బయటపెట్టింది. అన్నీ తొమ్మిదులున్న నంబరు అది, చిన్నపిల్లలకైనా అనుమానం రావాలి. దొంగ బిల్లులతో సీఎంఆర్‌ఎఫ్ డబ్బు కాజేశారని మన రాష్ట్రంలోనే 2024లో ఆసుపత్రులపై సీఐడీ కేసులు పెట్టింది. ఆ కేసులు పెట్టింది వాచ్‌మన్ కుటుంబం మీద కాదు కదా.

ఇంకో సంగతి. శాసనసభ్యుల వైద్యానికీ ప్రజల డబ్బే ఖర్చవుతుంది, వాళ్లనెవరూ ఆదాయ ధ్రువపత్రం తెమ్మనరు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల బీమా ఇస్తామని కేంద్రం 2024లో ప్రకటించింది. మంచిదే. మరి 69 ఏళ్ల కూలీ ఏం పాపం చేశాడు?

భర్తను ఐసీయూలో పెట్టుకున్న మనిషిని మీసేవ చుట్టూ, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిప్పేముందు ఆసుపత్రులు పంపిన బిల్లుల కట్టలు విప్పండి. ఆ పాత గీతను ఇప్పటి కూలి రేట్ల పక్కన పెట్టి చూడండి. దానికి మళ్లీ ఓ కమిటీ వేస్తామని మాత్రం అనకండి, పొద్దున్నే కూలీల అడ్డా మీదికి వెళ్లి కూలి ఎంతని అడిగితే చెబుతారు.